క్రైస్తవ విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్‌లో సైకాలజీ మాస్టర్స్: చేరేముందు, చదివేటప్పుడు చూసుకోవలసినవి

అమెరికాలోని క్రైస్తవ విశ్వవిద్యాలయాలు కొన్ని ఇంటర్నెట్ రాకముందే దూరవిద్యను చేపట్టాయి. వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో 1971లో మొదలైన లిబర్టీ యూనివర్సిటీ 1985లోనే పాఠాలను వీడియో క్యాసెట్లలో నింపి విద్యార్థుల ఇళ్లకు పోస్టులో పంపేది. నేడు అక్కడా, ఆరిజోనాలోని ఫీనిక్స్ నగరంలో ఉన్న గ్రాండ్ కాన్యన్ యూనివర్సిటీలోనూ ప్రాంగణానికి వచ్చి చదివేవారి కంటే ఆన్‌లైన్‌లో చదివేవారే చాలా ఎక్కువ. వర్జీనియా బీచ్‌లో 1977లో ఏర్పడిన రీజెంట్ యూనివర్సిటీ, కాథలిక్ సంప్రదాయానికి చెంది మనస్తత్వశాస్త్రం, కౌన్సెలింగ్ చుట్టూనే నడిచే డివైన్ మెర్సీ యూనివర్సిటీ కూడా ఈ కోవలోవే. ఉద్యోగం, సంసారం వదులుకోకుండా, తన విశ్వాసానికీ తాను చదివే శాస్త్రానికీ మధ్య గోడ కట్టుకోకుండా మాస్టర్స్ పూర్తిచేయాలనుకునేవారికి ఇవి సహజంగానే నచ్చుతాయి.

అయితే ఇలాంటి చదువు కోసం వెతికేవారిలో చాలామంది ముందు విశ్వాసం సంగతి, తరువాత ఫీజు, అన్నిటికన్నా చివర లైసెన్స్ సంగతి చూస్తారు. ఆ వరుసను తలకిందులు చేసుకోవాలని నా సలహా. ముందు లైసెన్స్, దాని వెంట గుర్తింపు, ఆ తరువాత పాఠాల్లో విశ్వాసం ఏ తీరున కలుస్తుందన్నది, చివరగా డబ్బు. ఈ వరుసలో వెళ్తే మొదటి రెండు మెట్ల దగ్గరే సగం కాలేజీలు జాబితా నుంచి తప్పుకుంటాయి, మిగిలినవాటిని తీరికగా పరిశీలించవచ్చు.

లైసెన్స్ కావాలా, అక్కర్లేదా

సైకాలజీలో మాస్టర్స్ అనే మాట కింద కనీసం రెండు వేర్వేరు చదువులు ఉన్నాయి. మొదటిది సైకాలజీ ఎం.ఏ. లేదా ఎం.ఎస్. దీనికి సాధారణంగా 30 నుంచి 36 సెమిస్టర్ క్రెడిట్లు (క్రెడిట్ అంటే కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్క) ఉంటాయి. వికాస మనస్తత్వశాస్త్రం, సామాజిక మనస్తత్వశాస్త్రం, జ్ఞాపకం, అభ్యసనం, గణాంకాలు, పరిశోధన పద్ధతులు వంటివి చదువుతారు. క్లయింట్ల ఎదుట కూర్చునే శిక్షణ ఇందులో ఉండదు, ఉన్నా నామమాత్రమే. పరిశోధన సహాయకులుగా, సంస్థల్లో మానవ వనరుల విభాగంలో, సేవాసంస్థల నిర్వహణలో పనిచేయదలచినవారికీ, పీహెచ్‌డీకి ముందు తమ పునాది గట్టి చేసుకోదలచినవారికీ ఇది సరిపోతుంది.

రెండోది క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ లేదా మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీ. పేరులో సైకాలజీ అన్న మాట లేకపోయినా, ఎదుటి మనిషి మానసిక బాధకు చికిత్స చేసే వృత్తిలోకి దారి తీసేది ఇదే. కౌన్సెలింగ్ చదువులకు ప్రమాణాలు నిర్ణయించే కేక్రెప్ సంస్థ ఈ డిగ్రీకి 60 సెమిస్టర్ క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే తొలి దశ ఆచరణ శిక్షణ), దానిపైన 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉండాలంటుంది. ఆ 600 గంటల్లో కనీసం 240 గంటలు నేరుగా క్లయింట్లతో గడపాలి. అంటే పాఠాలు ఆన్‌లైన్‌లోనే ఉన్నా, మీరు ఉంటున్న ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఒక క్లినిక్‌కో సేవాకేంద్రానికో చివరి ఏడాదంతా వెళ్లక తప్పదు.

ఈ రెండింటి మధ్య తేడా తెలియక 36 క్రెడిట్ల సైకాలజీ డిగ్రీ పూర్తిచేసి, ఆ తరువాత కౌన్సెలర్ లైసెన్స్‌కు దరఖాస్తు చేయబోయి, మళ్లీ మొదటినుంచి 60 క్రెడిట్ల డిగ్రీలో చేరినవారు ఉన్నారు. పాత క్రెడిట్లలో కొన్ని బదిలీ కావచ్చు, ఎన్ని అవుతాయన్నది కొత్త విశ్వవిద్యాలయం ఇష్టం. అందుచేత కోర్సు పేరు కాకుండా కోర్సు పుటలో లైసెన్స్ గురించి ఏమని రాశారో చదవండి. లిబర్టీలో అప్లైడ్ సైకాలజీ ఎం.ఏ. వేరు, క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ ఎం.ఏ. వేరు. మిగతా పెద్ద విశ్వవిద్యాలయాల్లోనూ ఇలాగే రెండూ పక్కపక్కన కనిపిస్తాయి.

సైకాలజిస్ట్ అన్న హోదా అమెరికాలో చాలా రాష్ట్రాల్లో డాక్టరేట్ ఉన్నవారికే దక్కుతుంది. కాన్సాస్, వెస్ట్ వర్జీనియా వంటి కొద్ది రాష్ట్రాలు మాత్రం మాస్టర్స్ చదివినవారికి కూడా పర్యవేక్షణలో పనిచేసిన అనుభవం మీద సైకాలజీ లైసెన్స్ ఇస్తాయి. కౌన్సెలర్ లైసెన్స్ పేరు కూడా రాష్ట్రానికో రకంగా ఉంటుంది. టెక్సాస్‌లో ఎల్‌పీసీ, ఫ్లోరిడాలో ఎల్‌ఎంహెచ్‌సీ, కాలిఫోర్నియాలో ఎల్‌పీసీసీ అంటారు. మీరు పనిచేయబోయే రాష్ట్రపు లైసెన్సింగ్ బోర్డు వెబ్‌సైట్ తెరిచి, అవసరమైన సబ్జెక్టుల పట్టికను దింపుకుని, విశ్వవిద్యాలయపు కోర్సుల జాబితాతో వరుసగా సరిపోల్చండి. ఒక సాయంత్రం పట్టే ఈ పనిని అడ్మిషన్ల విభాగంవారికి వదిలేయకూడదు. ఫోన్‌లో మాట్లాడే ఎన్‌రోల్‌మెంట్ కౌన్సెలర్లు మర్యాదగానే సమాధానం చెబుతారు, కానీ వారి పని విద్యార్థులను చేర్చుకోవడం. ముఖ్యమైన ప్రశ్న ఏదైనా ఈమెయిల్‌లో అడిగి, జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి.

గుర్తింపు: రెండు అంతస్తులు

గుర్తింపు, అంటే అక్రెడిటేషన్, రెండు స్థాయుల్లో ఉంటుంది. మొదటిది విశ్వవిద్యాలయం మొత్తానికి వచ్చేది. హయ్యర్ లెర్నింగ్ కమిషన్, దక్షిణాది రాష్ట్రాల సంస్థగా పేరుపడ్డ సాక్స్‌కాక్, పశ్చిమ రాష్ట్రాల్లోని వాస్క్ వంటివి ఈ గుర్తింపు ఇస్తాయి. వీటిని పూర్వం ప్రాంతీయ సంస్థలనేవారు. అమెరికా విద్యాశాఖ 2020లో ప్రాంతీయ, జాతీయ అనే భేదాన్ని తన నిబంధనల్లోంచి తీసివేసినా, వాడుకలో ఆ మాట ఇంకా పోలేదు. క్రైస్తవ విద్యాసంస్థలకు ప్రత్యేకంగా గుర్తింపునిచ్చే ట్రాక్స్, ఏబీహెచ్‌ఈ అనే రెండు సంస్థలున్నాయి. వీటికీ విద్యాశాఖ ఆమోదం ఉంది కనుక ఇవి నకిలీవి కావు. అయినా, ముందుముందు వేరొక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేయదలచినా, క్రెడిట్లు బదిలీ చేసుకోదలచినా, ఆ చేర్చుకునే సంస్థ ఈ గుర్తింపును ఒప్పుకుంటుందా అని ముందే అడిగి తెలుసుకోవాలి. హయ్యర్ లెర్నింగ్ కమిషన్ వంటివాటి గుర్తింపు ఉన్నచోట ఈ ప్రశ్న సాధారణంగా రాదు.

క్రైస్తవ కళాశాలల విషయంలో మరొక జాగ్రత్త కావాలి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల చట్టాలు మతసంస్థలకు మినహాయింపు ఇచ్చి, ఏ అక్రెడిటేషన్ లేకపోయినా మతసంబంధమైన డిగ్రీలు ఇచ్చుకోనిస్తాయి. అలాంటి సంస్థలు క్రిస్టియన్ కౌన్సెలింగ్, క్రిస్టియన్ సైకాలజీ పేర్లతో చౌకగా మాస్టర్స్ ఇస్తుంటాయి. సంఘంలో సేవకు అవి ఉపయోగపడితే పడవచ్చు గానీ, లైసెన్సింగ్ బోర్డు దగ్గర వాటికి విలువ లేదు. ఫీజు మరీ తక్కువగా ఉండి, రాష్ట్ర ప్రభుత్వం అనుమతించింది అన్న మాట తప్ప గుర్తింపు సంస్థ పేరు ఎక్కడా కనిపించకపోతే అక్కడితో ఆగిపోండి. విద్యాశాఖ నడిపే డాపిప్ అనే డేటాబేస్‌లో విశ్వవిద్యాలయం పేరు కొట్టి చూస్తే నిమిషంలో నిజం తేలిపోతుంది.

రెండో అంతస్తు ఆ కోర్సుకు విడిగా వచ్చే గుర్తింపు. కౌన్సెలింగ్‌కు కేక్రెప్, కుటుంబ చికిత్సకు కోమ్‌టీ ఉన్నాయి. సైకాలజీ, కౌన్సెలింగ్ మాస్టర్స్‌కు ఎంపీకాక్ అనే మరో సంస్థ కూడా ఉంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, అంటే ఏపీఏ, చాలాకాలంగా గుర్తింపు ఇస్తూ వచ్చింది డాక్టరేట్ కోర్సులకు. మాస్టర్స్ వైపు అది చూడడం ఇటీవలి సంగతి. అందువల్ల ఆన్‌లైన్ సైకాలజీ ఎం.ఎస్.కు ఏపీఏ గుర్తింపు లేదని కంగారు పడనక్కర్లేదు. ఏపీఏ ప్రమాణాల ప్రకారం రూపొందించామని ఏ కాలేజీ అయినా గొప్పగా చెప్పుకుంటే దాన్ని గుర్తింపుగా పొరబడనూ కూడదు.

దీనితోపాటు చూడవలసిన కాగితం ఒకటుంది. లైసెన్స్‌కు దారితీసే కోర్సు నడిపే ప్రతి విశ్వవిద్యాలయం ఏ రాష్ట్రపు నిబంధనలకు ఆ కోర్సు సరిపోతుందో, ఏ రాష్ట్రానికి సరిపోదో తెలిపే పట్టికను ప్రకటిస్తుంది. మీరు ఇప్పుడు ఉన్న రాష్ట్రంతోపాటు, రెండు మూడేళ్లలో మారే అవకాశమున్న రాష్ట్రాలను కూడా అందులో చూసుకోండి. జీవిత భాగస్వామి ఉద్యోగం ఎటు తీసుకెళ్తే అటు మకాం మార్చే కుటుంబాలకు ఈ పట్టిక చాలా ముఖ్యం. ఆన్‌లైన్ చదువుల విషయంలో రాష్ట్రాల మధ్య కుదిరిన సారా ఒప్పందంలో కాలిఫోర్నియా చేరలేదు కాబట్టి అక్కడ నివసించేవారు విశ్వవిద్యాలయం తమను చేర్చుకోగలదా అన్నదే మొట్టమొదట అడగాలి.

విశ్వాసం పాఠంలో ఎలా కలుస్తుంది

ఇక క్రైస్తవ అన్న విశేషణం దగ్గరకు వద్దాం. బయటివారికి ఇదంతా ఒకటే తీరుగా కనిపిస్తుంది. లోపల మాత్రం అర్ధ శతాబ్దానికి పైగా నడుస్తున్న పెద్ద చర్చ ఉంది, మీరు చేరబోయే విశ్వవిద్యాలయం అందులో ఏ పక్షాన నిలబడిందన్న దాన్నిబట్టి మీ చదువు రూపమే మారిపోతుంది.

స్థూలంగా ఒక కొసన ఉన్నవారు మనస్తత్వశాస్త్రాన్ని భౌతికశాస్త్రంలాగే స్వతంత్ర శాస్త్రంగా చూస్తారు. విశ్వాసం, విజ్ఞానం ఒకే సత్యాన్ని రెండు వేర్వేరు స్థాయుల్లో వివరిస్తాయి గనుక ఒకదాన్ని మరొకదానిలో కలపనక్కర్లేదని వారి వాదన. మిషిగన్‌లోని హోప్ కాలేజీలో బోధించి, సైకాలజీ పాఠ్యపుస్తకాలతో ప్రసిద్ధుడైన డేవిడ్ మయర్స్ ఈ ధోరణికి ప్రతినిధి. రెండో కొసన బైబిల్ కౌన్సెలింగ్ ఉద్యమం ఉంది. 1970లో జే ఆడమ్స్ మొదలుపెట్టిన ఈ ధోరణి, మనిషి ఆంతరంగిక సమస్యలకు బైబిల్ గ్రంథమే చాలునని, లౌకిక మనస్తత్వశాస్త్రం మీద ఆధారపడడం పొరపాటని నమ్ముతుంది. ఈ రెండు కొసల నడుమ సమన్వయవాదులున్నారు. ఆంగ్లంలో ఇంటిగ్రేషన్ అని పిలిచే ఈ మార్గంలో, పరిశోధన తేల్చిన విషయాలనూ దైవశాస్త్రం మనిషి గురించి చెప్పే విషయాలనూ ఎదురెదురుగా పెట్టి పరీక్షిస్తారు. కాలిఫోర్నియాలో పాసడీనాలోని ఫుల్లర్ సెమినరీ, బయోలా యూనివర్సిటీకి చెందిన రోజ్‌మీడ్ స్కూల్ ఈ మార్గానికి పేరుపొందినవి. 1956లో ఏర్పడిన క్రిస్టియన్ అసోసియేషన్ ఫర్ సైకలాజికల్ స్టడీస్, 1973 నుంచి రోజ్‌మీడ్ వెలువరిస్తున్న సైకాలజీ, థియాలజీ పత్రిక ఈ చర్చకు వేదికలు.

ఆచరణలో తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెప్పవచ్చు. కుంగుబాటు మీద పాఠం ఉందనుకుందాం. మొదటి ధోరణి ఉన్న చోట నిర్ధారణ ప్రమాణాలు, మందుల ప్రభావం, ఆలోచనల తీరును మార్చే చికిత్స గురించి ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చెప్పినట్టే చెబుతారు. విశ్వాసం ఆచార్యుల వ్యక్తిత్వంలో కనిపిస్తుంది తప్ప సిలబస్‌లో కాదు. సమన్వయ ధోరణిలో అవన్నీ చెప్పి, ఆపైన కీర్తనల్లోని విలాపాన్ని, అపరాధభావానికీ పశ్చాత్తాపానికీ గల తేడాను చర్చించి, చికిత్సలో ఇవి ఎక్కడ తోడ్పడతాయో, ఎక్కడ హాని చేస్తాయో రాయమంటారు. బైబిల్ కౌన్సెలింగ్ కోర్సులో నిర్ధారణ ప్రమాణాలకు ఇచ్చే చోటే తక్కువ. ఈ మూడో రకం చదువు సంఘ సేవకు ఉద్దేశించినది, దాని ధ్రువపత్రం రాష్ట్ర లైసెన్స్‌కు సమానం కాదు. లైసెన్స్ కావాలనుకుని దీనిలో చేరితే నష్టపోతారు, సంఘ సేవ చాలనుకునేవారికి అందులో నష్టమేమీ లేదు.

విశ్వవిద్యాలయం ఏ తీరుదో ప్రకటనల వల్ల తెలియదు, దాదాపు అందరూ సమన్వయం అనే మాటనే వాడుతారు. అసాధారణ మనస్తత్వశాస్త్రం లేదా సైకోపాథాలజీ కోర్సు సిలబస్ ఒకటి పంపమని అడగండి. అందులో పాఠ్యగ్రంథాల జాబితా చూడండి. అన్నీ క్రైస్తవ ప్రచురణలే ఉండి, ఈ రంగంలో అందరూ వాడే ప్రామాణిక గ్రంథం ఒక్కటీ లేకపోతే అదొక సంకేతం. అన్నీ మామూలు గ్రంథాలే ఉండి, వారానికి ఒక వాక్య ధ్యానం మాత్రం చేర్చి ఉంటే అది మరో సంకేతం. విశ్వాసం కోసమే ఇక్కడికి వచ్చినవారికి ఈ రెండోది నిరాశ కలిగిస్తుంది. బోధించేవారి చదువు, లైసెన్స్, వారి పరిశోధన కూడా చూడండి. మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ ఉండి చికిత్సారంగంలో పనిచేసినవారు చెప్పే పాఠానికీ, దైవశాస్త్ర పట్టా మాత్రమే ఉన్నవారు చెప్పే పాఠానికీ తేడా తప్పకుండా ఉంటుంది.

విశ్వాస ప్రకటన మీద సంతకం అడిగే విశ్వవిద్యాలయాలు కొన్ని, ప్రవర్తనా నియమావళికి ఒప్పుకుంటే చాలనేవి కొన్ని, అధ్యాపకులకు మాత్రమే ఆ షరతు పెట్టి విద్యార్థులను ఏ మతంవారినైనా చేర్చుకునేవి కొన్ని. దరఖాస్తులో పాస్టర్ సిఫారసు లేఖ కోరేవీ ఉన్నాయి. క్రైస్తవేతరులు చదవకూడదన్న నియమం చాలాచోట్ల లేదు గానీ, బైబిల్ లేదా దైవశాస్త్ర కోర్సులు ఒకటి రెండు తప్పనిసరిగా ఉండవచ్చు, ప్రతి వ్యాసంలోనూ క్రైస్తవ దృక్పథం మీద ఒక భాగం రాయమనవచ్చు. నియమావళిని మొత్తం చదవకుండా సంతకం చేయకండి. మద్యం, వివాహేతర సంబంధాలు, లైంగికత గురించిన నియమాలు ఆన్‌లైన్ విద్యార్థులకూ వర్తిస్తాయా లేదా అన్నది ఒక్కోచోట ఒక్కో విధంగా ఉంటుంది. మతసంస్థలు నడిపే విశ్వవిద్యాలయాలకు, లింగవివక్షను నిషేధించే టైటిల్ నైన్ చట్టంలో తమ మతసిద్ధాంతానికి విరుద్ధమైన అంశాల మేరకు మినహాయింపు ఉందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

కౌన్సెలింగ్ వైపు వెళ్లేవారు వృత్తి నీతినియమావళిని చేరకముందే చదవాలి. అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014లో ప్రకటించిన నియమావళి ప్రకారం, తన వ్యక్తిగత విలువలతో పొసగలేదన్న ఒక్క కారణంతో క్లయింట్‌ను మరొకరి దగ్గరకు పంపివేయకూడదు. దీనికి ముందు ఈ విషయం కోర్టుదాకా వెళ్లింది. మిషిగన్‌లోని ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ అనే ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఒక విద్యార్థిని, స్వలింగ సంబంధంలో ఉన్న క్లయింట్‌ను తన విశ్వాసం కారణంగా మరొకరికి అప్పగించమని అడిగినందుకు కోర్సు నుంచి తొలగింపబడ్డారు. 2012లో అప్పీలు కోర్టు ఆమె దావాను కొట్టివేయడం సరికాదని తీర్పునిచ్చింది, అదే ఏడాది ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి. క్రైస్తవ విశ్వవిద్యాలయంలో చదివినా ఇంటర్న్‌షిప్ చేసే చోటా, లైసెన్స్ ఇచ్చే బోర్డు ఎదుటా ఈ వృత్తి నియమాలే చెల్లుతాయి. తన నమ్మకాన్ని వదులుకోకుండా, దాన్ని క్లయింట్ మీద రుద్దకుండా పనిచేయడమెలాగో మీ విశ్వవిద్యాలయం ఏ కోర్సులో నేర్పుతుందో అడగండి. మంచి విభాగం ఈ ప్రశ్నకు తడుముకోదు.

దరఖాస్తు

దరఖాస్తులో పెద్ద రహస్యాలేమీ లేవు. బ్యాచిలర్స్ డిగ్రీ ట్రాన్స్‌క్రిప్టులు, ఉద్దేశాన్ని తెలిపే వ్యాసం, రెండు మూడు సిఫారసు లేఖలు, రెజ్యూమే అడుగుతారు. జీఆర్‌ఈ పరీక్షను చాలా ఆన్‌లైన్ కోర్సులు అడగడం లేదు. డిగ్రీలో సైకాలజీ చదవనివారు కూడా చేరవచ్చు, అయితే ప్రాథమిక మనస్తత్వశాస్త్రం, గణాంకాలు ముందుగా పూర్తిచేయాలని కొన్ని విభాగాలు షరతు పెడతాయి. ఆ రెండింటినీ కమ్యూనిటీ కాలేజీలో చదివితే ఖర్చు తగ్గుతుంది.

విదేశంలో డిగ్రీ చేసినవారు వెస్, ఈసీఈ వంటి సంస్థలతో తమ డిగ్రీని మూల్యాంకనం చేయించుకోవాలి. చిక్కల్లా మూడేళ్ల డిగ్రీ దగ్గరే. అమెరికా బ్యాచిలర్స్ నాలుగేళ్లది కనుక మూడేళ్ల బి.ఏ.నో బి.ఎస్‌సీ.నో కొన్ని విశ్వవిద్యాలయాలు సమానంగా ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. దానిపైన మాస్టర్స్ ఉంటే చాలాసార్లు సమస్య తీరుతుంది. మూల్యాంకనానికి డబ్బు కట్టేముందే, ఏ సంస్థ నివేదికను అంగీకరిస్తారో, ప్రతి కోర్సునూ విడిగా చూపే నివేదిక కావాలో, మొత్తం డిగ్రీకి ఇచ్చేది చాలో విశ్వవిద్యాలయాన్ని అడిగితే రెండోసారి ఖర్చు తప్పుతుంది.

ఉద్దేశ వ్యాసంలో చాలామంది సాక్ష్యం చెప్పినట్టు తమ విశ్వాస ప్రయాణమంతా రాస్తారు. అది ఒక పేరాకు మించకపోవడం మేలు. చదివేవారు ప్రధానంగా చూసేది ఈ శాస్త్రంలో మీకు ఏ ప్రశ్న మీద ఆసక్తి ఉందో, ఇంతవరకు ఏం చదివారో, వారి విభాగంలో ఏ అంశం మీకు సరిపోతుందో, పని ఒత్తిడి నడుమ చదువుకు వేళ ఎలా చూసుకుంటారో. తనకు జరిగిన గాయాన్ని గురించి రాయాలనిపిస్తే, దాని నుంచి ఎంతవరకు తేరుకున్నారో చెప్పగలిగినప్పుడే రాయండి.

డబ్బు, వీసా

ఆన్‌లైన్ కోర్సుల్లో ఫీజు క్రెడిట్‌కు ఇంతని ఉంటుంది. క్రెడిట్‌కు 500 డాలర్లనుకుంటే 36 క్రెడిట్లకు 18,000 డాలర్లు, 60 క్రెడిట్లకు 30,000 డాలర్లు అవుతుంది. దీనికి టెక్నాలజీ రుసుము, పుస్తకాలు, ప్రాంగణంలో కొన్ని రోజులపాటు జరిగే తప్పనిసరి శిబిరాలకు విమాన చార్జీలు, బస ఖర్చులు కలపాలి. శిబిరాలు ఎన్ని ఉంటాయో ఫీజుల పుటలో కనిపించదు, కోర్సు హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. సైనిక కుటుంబాలకు, పాస్టర్లకు, మిషనరీలకు, పూర్వ విద్యార్థులకు క్రైస్తవ విశ్వవిద్యాలయాలు తరచుగా రాయితీలిస్తాయి. అడగనిదే ఇవి దక్కకపోవచ్చు.

అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డ్ ఉన్నవారు ప్రభుత్వ విద్యాసహాయం కోసం చేసే ఫాఫ్సా దరఖాస్తు నింపి ఫెడరల్ రుణం పొందవచ్చు, అందుకు కనీసం సగం భారంతో, అంటే హాఫ్‌టైమ్‌గానైనా చదువుతుండాలి. మాస్టర్స్ విద్యార్థులకు ఏడాదికి 20,500 డాలర్ల పరిమితి ఉంది. ఆ పరిమితికి మించిన ఖర్చుకు ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణాలు, 2025 చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి ఉండవు, పీజీ రుణాల మొత్తానికి కూడా 1,00,000 డాలర్ల హద్దు వస్తుంది. ఏడాదికి తీసుకోవలసిన క్రెడిట్ల సంఖ్యను ఈ పరిమితి దృష్టిలో పెట్టుకుని నిర్ణయించుకోండి. మాస్టర్స్ చదివిన కౌన్సెలర్ల తొలి జీతాలు పెద్దవేమీ కావు.

పూర్తిగా ఆన్‌లైన్ కోర్సు మీద ఎఫ్1 వీసా రాదు. ఇప్పటికే ఎఫ్1 మీద ఉన్నవారికి పూర్తికాల చదువు లెక్కలోకి సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సే వస్తుంది. అమెరికా వెలుపల ఉండి చదివేవారికి వీసాయే అక్కర్లేదు, అయితే క్లినికల్ శిక్షణ ఉన్న కోర్సుల్లో విదేశంలో ఇంటర్న్‌షిప్ చేయనిస్తారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. హెచ్4 వీసా మీద ఉన్నవారు చదువుకోవడానికి అభ్యంతరం లేదు. వారికి ఇబ్బంది ఇంటర్న్‌షిప్ దగ్గర వస్తుంది. పని అనుమతి లేనివారు జీతం తీసుకోకపోయినా ఏ పని చేయవచ్చో, ఏది చేయకూడదో ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడిగాకే 60 క్రెడిట్ల కోర్సులో అడుగుపెట్టాలి.

చదువు సాగే తీరు

చాలాచోట్ల సెమిస్టర్‌ను రెండుగా విడగొట్టి ఎనిమిది వారాల కోర్సులు నడుపుతారు. పదహారు వారాల పాఠం సగం కాలంలో పూర్తికావాలి కనుక ఒకేసారి రెండు కోర్సులు తీసుకుంటే ఉద్యోగస్థులకు ఊపిరాడదు. మొదటి విడతలో ఒక్కటే తీసుకుని చూడండి. గణాంకాలు, పరిశోధన పద్ధతులు ఉన్న విడతలో మరొక కోర్సు పెట్టుకోకపోవడమే మంచిది.

వారం లయ దాదాపు అన్నిచోట్లా ఒకటే. చదవవలసిన అధ్యాయాలు, వీడియో పాఠం, వారం మధ్యలో చర్చావేదికలో మీ వ్యాసం, వారాంతంలోగా ఇద్దరు ముగ్గురు సహాధ్యాయులకు ప్రత్యుత్తరాలు. ప్రత్యుత్తరాన్ని మెచ్చుకోలుతో సరిపెడితే మార్కులు రావు. ఎదుటివారి వాదనకు ఆధారం ఎంత బలమైనదో చూసి, మరొక పరిశోధనను ముందుకు తెచ్చి రాయాలి. రాతలన్నీ ఏపీఏ ప్రచురించిన రచనా, ఉటంకింపు నియమాల ఏడో కూర్పు పద్ధతిలో ఉండాలి. ఈ పద్ధతిలో బైబిల్‌ను కూడా ఉపయుక్త గ్రంథాల పట్టికలో చేర్చాలి, ఏ అనువాదమో చెప్పి, అధ్యాయం, వచనం సంఖ్యలతో ఉటంకించాలి. క్రైస్తవ విశ్వవిద్యాలయంలో ప్రతి వారం వాడే నియమం కనుక మొదటి రోజే నేర్చుకోండి. వచనాన్ని రుజువుగా చూపడం వేరు, ఒక దృక్పథంగా పరిచయం చేయడం వేరు. ఒక చికిత్స పనిచేస్తుందని చెప్పడానికి వచనం సాక్ష్యం కాదు, అందుకు పరిశోధన పత్రమే కావాలి. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ప్రాక్టికమ్ చోటును విశ్వవిద్యాలయం వెతికిపెడుతుందని అనుకోవద్దు. చాలా ఆన్‌లైన్ కోర్సుల్లో విద్యార్థే వెతుక్కోవాలి, పర్యవేక్షకుల అర్హతలను విభాగం ఆమోదించాలి, సంస్థతో ఒప్పందం కుదరాలి. ఇందుకు నెలలు పడుతుంది కనుక ఏడాది ముందునుంచే ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాలి. చర్చి ఆధ్వర్యంలోని కౌన్సెలింగ్ కేంద్రమైనా ఫర్వాలేదు, అక్కడ లైసెన్స్ ఉన్న పర్యవేక్షకులు ఉండాలి, క్లయింట్లు రకరకాల నేపథ్యాలవారై ఉండాలి.

డిగ్రీ చేతికొచ్చాక

కౌన్సెలింగ్ పూర్తిచేసినవారికి అసలు నిరీక్షణ అప్పుడు మొదలవుతుంది. ఎన్‌సీఈ లేదా ఎన్‌సీఎంహెచ్‌సీఈ అనే జాతీయ స్థాయి కౌన్సెలర్ పరీక్ష రాయాలి, ఆపైన పర్యవేక్షణలో పనిచేయాలి. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఇది 3,000 గంటలు. ఆ కాలంలో అసోసియేట్ స్థాయి లైసెన్స్ మీద జీతానికి పనిచేయవచ్చు, చాలామందికి రెండు మూడేళ్లు పడుతుంది. సైకాలజీ ఎం.ఎస్. చేసినవారికి కమ్యూనిటీ కాలేజీల్లో బోధించే అవకాశం ఉంది, ఒక విషయంలో 18 పీజీ క్రెడిట్లు ఉండాలన్నది అక్కడ సాధారణంగా పాటించే కొలమానం. ఆసుపత్రుల్లో చాప్లిన్‌గా, అంటే రోగులకు ఆధ్యాత్మిక తోడ్పాటు ఇచ్చేవారిగా, పనిచేయదలచినవారికి సైకాలజీ డిగ్రీ ఒక్కటే చాలదు. దైవశాస్త్ర చదువుతోపాటు క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్ యూనిట్లు కావాలి, ఒక్కో యూనిట్ 400 గంటలు.

ఏ దారిన వెళ్లినా, చదివిన ప్రతి కోర్సు సిలబస్‌ను, ప్రాక్టికమ్ గంటల పట్టికలను పర్యవేక్షకుల సంతకాలతో సహా మీ సొంత కంప్యూటర్‌లో దాచుకోండి. మరో రాష్ట్రానికి మారినప్పుడు అక్కడి బోర్డు ఎప్పుడో చదివిన కోర్సులో ఏ అంశాలు ఉన్నాయో చూపమని అడుగుతుంది, విద్యార్థి ఖాతా అప్పటికి మూతపడి ఉంటుంది.